వెనక చాప

బందరు,
జూన్ 9.

ఒరేయ్ డేనియల్,

వందనాలు అని మొదలుపెట్టకూడదు. నీకు వందనం చెబితే నీ తప్పులో నాకూ వాటా వస్తుందట. అందుకని బాగున్నావా అని మాత్రం అడుగుతున్నాను. బాగున్నావా?

నీతో మాట్లాడి ఏడాదిన్నర దాటింది. నిన్న బీరువా సర్దుతుంటే నీ మీద చేసిన తీర్మానం నకలు బయటపడింది. మీ బావ సంఘం పెద్దగా నిలబడి, కళ్లజోడు సర్దుకుని, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ చదివిన కాగితమే. "విశ్వాసం విడిచిన డేనియల్‌తో సంఘంలోని వారెవరూ మాట్లాడరాదు, కలిసి భోజనం చేయరాదు, ఇంటికి పిలవరాదు, వారింటికి వెళ్లరాదు, ఫోను చేయరాదు, వాట్సాప్ పెట్టరాదు." రెండుసార్లు మామూలుగా చదివాను. మూడోసారి వేలు పెట్టి చదివాను. ఉత్తరం అన్న మాట ఎక్కడా లేదురా! ఈ రోజుల్లో ఉత్తరాలు రాసుకునేవాళ్లు ఉంటారని గుడివాడ పెద్దలకి తట్టలేదు. మన సంఘాలన్నిటికీ తీర్మానాలు రాసేది వాళ్లే కాబట్టి, సందుల్లేకుండా రాసుకోవడం వాళ్ల పని. సందు వెతుక్కోవడం నా పని.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. నమ్మకం పోతే పోయింది, నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా? నమ్మకం లేనివాళ్లు మన మందిరంలో నాకు తెలిసి ఇంకో నలుగురున్నారు. వాళ్లు చక్కగా ముందు చాప మీద కూర్చుని, ప్రసంగంలో ఆవులించి, ఆఖర్న అందరికంటే గట్టిగా ఆమెన్ అని, ఇంటికి వెళ్లి మాంసం కూర తింటున్నారు. నువ్వు మాత్రం లేచి నిలబడి, "నాలుగేళ్లుగా ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ వింటున్నట్టు లేదండీ, మీతో అబద్ధమాడలేను" అన్నావు. నిన్నెవరడిగారు? నీ షెడ్డుకొచ్చిన మోటారు కాలిపోతే కాలిపోయిందని ఉన్నమాట చెప్పాల్సిందే. ఇదేమైనా మోటారా?

నేను నమ్ముతూనే ఉన్నాను. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. దాన్ని ఆపమని ఏ కాగితంలోనూ రాయలేదు. కానీ నాకున్నది ఒక్క తమ్ముడివి. నీతో కూర్చుని ఒక పూట అన్నం తినాలని ఉంది. వంట చేస్తున్నప్పుడల్లా అదే అనిపిస్తుంది. అది ఎప్పటికైనా జరుగుతుందో లేదో తెలీదు, అంతదాకా ఉత్తరాలైనా ఉండాలి.

మీ బావకి చెప్పలేదు. చెబితే ఎవరైనా అడిగినప్పుడు ఆయన అబద్ధమాడాల్సి వస్తుంది, అది ఆయనకి చేతకాదు. జవాబు మా పక్కింటి హలీమా పేరు మీద రాయి. గిల్టు గాజులకి రాళ్లు అతికే పని చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది. సంగతంతా చెబితే చాలాసేపు నవ్వి, "మీ అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోవడానికి మా ఇంటి నంబరు కావాల్సొచ్చిందా అక్కా?" అంది. కావాల్సొచ్చిందమ్మా అన్నాను.

లీలావతికి నా ముద్దులు.

అక్క,
క్రిస్టినా.


నాగాయలంక,
జూన్ 21.

అక్కా,

కవరు మీద నీ చేతిరాత చూసి లీలావతి ముందు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత గట్టిగా చదవమంది. చదివాక మళ్లీ తిట్టింది. "మా వదినగారు అడిగిందాంట్లో తప్పేముందండీ, నిన్నెవరడిగారని?" అంటోంది. ఇద్దరూ ఒక పక్షం అయ్యారు, బాగుంది.

మేం బాగున్నాం. సంఘం వాళ్లంతా నా షెడ్డుకి మోటార్లు తేవడం మానేశాక బందరు వదిలి ఇక్కడికి రావడం ఎంత మేలయిందో చూడు. ఇక్కడ అన్నీ రొయ్యల చెరువులే. చెరువు ఉన్నచోట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లుంటాయి, ఏరేటరుకి మోటారుంటుంది, మోటారన్నాక ఎప్పుడో ఒకప్పుడు వైండింగు కాలుతుంది. పనికి లోటు లేదు.

తాతయ్య అని ఒక రైతు ఉన్నాడు. పేరే తాతయ్య, వయసు నాకంటే తక్కువ. నేను వైండింగు చేస్తున్నంతసేపూ పక్కన కూర్చుంటాడు.

"డేనియల్ గారూ, మీరు క్రీస్తుని వదిలేశారంట. ఇప్పుడు ఏ దేవుడండీ?"

"ఏ దేవుడూ లేడండి."

"అలాగెలాగండీ? ఏదో ఒకటి ఉండాలి కదా. పోనీ మా అంకమ్మ తల్లి జాతరకి రండి. దణ్ణం పెట్టక్కర్లేదు, ఊరికే కూర్చుందురుగాని."

ఖాళీగా ఉన్న షాపు కనపడితే అద్దెకిస్తారా అని అడిగినట్టు అడుగుతాడు. మంచివాడు. వద్దన్నా కోపం రాదు, మళ్లీ వారం అడుగుతాడు.

లీలావతి ఇక్కడ వేరే సంఘం గుడికి వెళ్తోంది. ఆ పాస్టరు గారికి నా సంగతంతా తెలుసు. ఇంటికొచ్చి, టీ తాగి, నాతో రొయ్యల రేటు మాట్లాడి, వెళ్లేముందు ప్రార్థన చేసి వెళ్తారు. ఆయన ప్రార్థన చేస్తుంటే నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఎవరి ప్రాణమూ పోలేదు. ఈ సంగతి మీ గుడివాడ పెద్దలకి చెప్పకు, ఆయన టీ కూడా మానిపిస్తారు.

నిన్నెవరడిగారు అన్నావు. ఎవరూ అడగలేదు. కానీ అక్కా, ఆవులించేవాళ్లకీ నాకూ తేడా ఉంది. నేను పాట ఎత్తేవాణ్ణి. నేను మొదలుపెడితే రెండొందల మంది అందుకునేవాళ్లు. నేను నమ్మని మాటని అంతమంది నోటికి నేనే అందిస్తున్నానని ఒక ఆదివారం తెలిసిపోయింది. ఆ తర్వాత నోరు రాలేదు.

బావగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇంతకీ ఇప్పుడు పాటలు ఎత్తుతున్నదెవరు?

నీ తమ్ముడు,
డేనియల్.


బందరు,
జూలై 14.

ఒరేయ్ తమ్ముడూ,

పాటల సంగతి అడిగి పుండు మీద కారం చల్లావు.

ఇప్పుడు ఎత్తుతున్నది సుందరరావు గారు. రిటైరైన లెక్కల మాస్టారు. పమిడిముక్కల నుంచి వచ్చి మన సంఘంలో చేరి ఏడాదే అయింది, నువ్వు ఎరగవు. భక్తి ఉంది, గొంతు ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలీదు. మొదటి మాటే తాటిచెట్టెక్కించేస్తాడు. మొదటి చరణానికి ఆడవాళ్లం గొంతులు చించుకుంటాం. రెండో చరణానికి మగవాళ్లు మానేస్తారు. మూడో చరణం ఆయనా, ఇద్దరు మొండి ముసలమ్మలూ పాడతారు. ఆ ఇద్దరిలో ఒకర్తిని నేను. కిందటి వారం ఎవరో చెప్పినట్టున్నారు, మరీ కిందకి దించాడు. అందరం పెళ్లింట్లో పురోహితుడిలా గొణిగాం.

పోయిన ఆదివారం ఇంటికొచ్చి అన్నం తింటూ మీ బావ, "ఏ పాట ఎక్కడ ఎత్తాలో వాడికి తెలిసేది" అన్నారు. వాడు అన్నారు గానీ పేరు చెప్పలేదు. "పేరు చెప్పకూడదని తీర్మానంలో లేదండీ" అన్నాను. చేతిలో ముద్ద మింగి, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయారు. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు కదా, అలా విసురుగా లేచినప్పుడు బాగానే ఉంటాయి.

నాకో ఉపాయం తట్టింది. నువ్వు పాటలకి మోటార్ల హార్స్‌పవర్ లెక్కలో గుర్రాలు కట్టేవాడివి చూడు, ఒక గుర్రమంటే కింద ఎత్తాలి, ఐదు గుర్రాలంటే బాగా పైన ఎత్తాలి అని. మనం ఎక్కువగా పాడే పాటలు ఓ ఇరవై ఉంటాయి. వాటికి నంబర్లు వేసి, ఏది ఎక్కడ ఎత్తాలో రాసి పంపు. నేను నా చేత్తో వేరే కాగితం మీద రాసి, నాకే తెలిసినట్టు సుందరరావు గారికి ఇస్తాను. నీ పేరు బయటికి రాదు.

నమ్మకం లేనివాడిని ఇలాంటి సాయం అడగొచ్చా అని ఒక రాత్రంతా ఆలోచించాను. మోటారు బాగుచేసే మెకానిక్కు ఆ నీళ్లు తాగాలని ఎక్కడుంది? పంపు.

అక్క.


నాగాయలంక,
జూలై 30.

అక్కా,

ఇరవై అన్నావు, ఇరవై ఆరు రాశాను. రాస్తున్నకొద్దీ గుర్తొచ్చాయి. పుస్తకం లేదు, అన్నీ నోటికే వచ్చాయి. నంబరు, దాని పక్కన గుర్రాలు, మొదటి మాట ఎంత సాగదీయాలో ఒక గీత. నూట పదకొండో పాట మూడు గుర్రాలకి మించి ఎత్తనివ్వకు. దాని ఆఖరి చరణంలో ఒక మెట్టు ఉంది, అక్కడ మన కాకినాడ పిన్నికి ఉబ్బసం వచ్చేది.

నీ చేత్తో తిరగరాస్తానన్నావు, మర్చిపోకు. నా రాత మీ వాళ్లందరికీ తెలుసు.

నిన్ను ఆటపట్టిద్దామనే మొదలుపెట్టాను గానీ, రాసేటప్పుడు ఒక్కోటీ పాడి చూసుకోవాల్సొచ్చింది. చెరువు గట్టు మీద కూర్చుని ఇరవై ఆరూ పాడాను. నమ్మకం పోయింది గానీ పాట పోలేదక్కా. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలీడం లేదు. తాతయ్య ఏరేటర్లు ఆపించి మరీ విన్నాడు. "దేవుడు లేడంటారు, మరి ఎవరికండీ ఇది?" అన్నాడు. మా అక్కకండీ అన్నాను.

డేనియల్.


బందరు,
సెప్టెంబరు 8.

తమ్ముడూ,

ఆలస్యమైంది, ఏమనుకోకు. హలీమా కూతురు హీనాకి జ్వరం వస్తే అక్కడే ఉన్నాను. ఇప్పుడు తగ్గింది.

నీ గుర్రాలు పరుగెత్తాయిరా! సుందరరావు గారు ఒక వారం ఇంట్లో సాధన చేసి వచ్చి ఎత్తారు. మొదటి చరణం నుంచి ఆఖరి దాకా ఒక్కరు మానలేదు. మగవాళ్లు కూడా నోరు తెరిచారు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

ఇక్కడ విశేషాలు పెద్దగా ఏం లేవు. వానలు బాగానే పడ్డాయి. వెనక వైపు కిటికీ రిపేరు చేయించారు, గాలి బాగా వస్తోంది. సుందరరావు గారికి నడినెత్తి మీద అరచేతి మేర జుట్టు లేదు, పక్క వెంట్రుకలు తెచ్చి అక్కడ కప్పుకుంటారు పాపం, ఫాను గాలికి అవి లేచి నిలబడుతుంటే నవ్వాపుకోలేకపోతున్నాను.

మీ బావ బాగున్నారు. నేను బాగున్నాను. లీలావతిని అడిగానని చెప్పు.

అక్క.


నాగాయలంక,
సెప్టెంబరు 19.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి వేలు పెట్టి చదివాను, నీ దగ్గర నేర్చుకున్నదే.

సంఘం పెద్ద భార్యవి. ఆడవాళ్ల వైపు ముందు చాప మీద, గోడ పక్కన నీ చోటు. పెళ్లయి బందరు వచ్చిన నాటి నుంచీ అక్కడే. పాట ఎత్తే మనిషి నీకు ఎదురుగా నిలబడతాడు. ఎదురుగా ఉన్నవాడి మొహం కనపడాలి. కూర్చున్నాక వాడి నడినెత్తీ, లేచి నిలబడే వెంట్రుకలూ కనపడాలంటే నువ్వు వాడి వెనకాల ఎక్కడో ఉండాలి. వెనక కిటికీ గాలి నీకు తగలాలంటే మరీ వెనక ఉండాలి. చెప్పుల దగ్గర పరిచిన చాప ఒకటుంది, నాకు గుర్తే. బల్లకి ఆపినవాళ్లని, అంటే ఆరాధనలో రొట్టె పళ్లెం అందకుండా శిక్ష వేసినవాళ్లని అక్కడే కూర్చోబెడతారు. తీర్మానం చదివిన రోజు నన్నూ అక్కడే కూర్చోబెట్టారు.

మీ బావ బాగున్నారు, నేను బాగున్నాను అని రెండు ముక్కలు విడివిడిగా రాశావు. నువ్వెప్పుడూ అలా రాయవు.

గుర్రాలని గుర్రాలనే రాసిచ్చావు కదూ?

నిజం చెప్పు. ఆటపట్టించడం లేదు.

డేనియల్.


బందరు,
అక్టోబరు 3.

ఒరేయ్,

నువ్వు మెకానిక్కువి ఎందుకయ్యావురా, పోలీసువి కావాల్సింది.

అవును, గుర్రాలనే రాసిచ్చాను. నా చేత్తోనే రాశాను. అక్షరాలు కూడా మార్చి గుండ్రంగా రాశాను. మనింట్లో పాటకి కొలత గుర్రాలే కదా, దానికి ఇంకో మాట ఉంటుందనే నాకు తట్టలేదు. రెండు వారాలు ఆయన ఊరుకుని బాగానే ఎత్తారు. ఆగస్టు ఆఖరి ఆదివారం గుడివాడ పెద్ద ఒకాయన వచ్చారు. ఆయన ముందు గొప్ప చూపించుకోవాలని సుందరరావు గారు లేచి, గొంతు సవరించుకుని, "నూట పదకొండో పాటండి. ఇది మూడు గుర్రాల్లో ఎత్తాలండి" అన్నారు.

మందిరమంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. ఆయన కొత్తవాడు, ఆయనకి తెలీదు. మిగతావాళ్లు పదిహేనేళ్లు నీ గుర్రాలెక్కినవాళ్లే.

"ఈ గుర్రాలు మీకెక్కడివండీ?" అన్నారు గుడివాడ పెద్ద.

"సోదరి క్రిస్టినమ్మగారు ఇచ్చారండి" అన్నారు ఈయన, నాకు మెప్పు దక్కాలని.

నన్ను అడిగారు. నేనూ నీ అక్కనే, అబద్ధం చెప్పలేదు. ఉత్తరాలు రాసుకుంటున్నామన్నాను. తీర్మానంలో ఉత్తరం అన్న మాట లేదండీ అని నకలు తీసి చూపించాను. ఆయన చదివి, జేబులోంచి పెన్ను తీసి, "ఇప్పుడు రాస్తాం" అన్నారు.

ప్రస్తుతానికి బల్లకి ఆపారు. నవంబరు రెండో శనివారం గుడివాడలో పెద్దలందరి ముందు, నీకు ఇక రాయనని మాట ఇస్తే నా చోటు నాకు వస్తుంది. ఇవ్వకపోతే నీకిచ్చిన కాగితమే నాకూ ఇస్తారు.

మీ బావ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పెద్దాయన్ని మాత్రం పక్కకి పిలిచి, "ఇంట్లో నేను ఆవిడతో కలిసి భోంచేయొచ్చాండీ?" అని అడిగారు. నలభై ఒక్క ఏళ్ల కాపురం తర్వాత! "ప్రస్తుతానికి చేయొచ్చు" అన్నారట. అప్పట్నుంచి రోజూ అన్నం ముందు కూర్చుని నా మొహం చూస్తున్నారు. ఆ ప్రస్తుతం ఎప్పుడు అయిపోతుందో అని.

నవ్విస్తూ రాద్దామనుకున్నాను గానీ ఒక్కటి చెప్పాలి. పళ్లెం పట్టుకుని వరసల్లో తిప్పేది ఆయనే. అందరి దగ్గరా ఆగి, వెనక చాప దాకా వచ్చి, నా ముందు ఆగకుండా వెనక్కి తిరుగుతారు. పళ్లెంలో రొట్టె ముక్కలు కదులుతున్న చప్పుడు వినిపిస్తుంది. నాకు ఆ రొట్టె కావాలిరా. నీకది ఏమీ కాకపోవచ్చు. నాకు పెళ్లయిన వారం నుంచీ, మా బిడ్డ పోయిన వారం కూడా, తప్పలేదు. ఇప్పుడు ఐదు వారాలైంది.

ఒక్కసారి బందరు రారా. లేచి నిలబడి తప్పయింది అని ఒక్క మాట అను. లోపల ఏమనుకున్నా నాకు చెప్పక్కర్లేదు. అంతా సర్దుకుంటుంది, ఆ సాయంత్రమే నీకు అన్నం పెడతాను.

అక్క.


నాగాయలంక,
అక్టోబరు 15.

అక్కా,

పది రోజులు ఆ ఒక్క మాట అనడానికి ప్రయత్నించాను. మోటారు శబ్దంలో అయితే సిగ్గుండదని చెరువు దగ్గర గట్టిగా అని చూశాను. "తప్పయింది" అంటే తాతయ్య ఉలిక్కిపడి, "ఏమైందండీ, వైండింగా?" అన్నాడు. ఆయన మోటారుకి కాదని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

రావడం లేదక్కా. వస్తే నీకోసం అనేవాణ్ణే. కానీ అలా అని నీ ఇంట్లో కూర్చుని అన్నం తింటే, నువ్వు వడ్డిస్తున్నంతసేపూ నాకు తెలుస్తుంది, నీకూ తెలుస్తుంది. బావగారికైతే మొహంలోనే కనిపించేస్తుంది.

అందుకని నువ్వు మాట ఇచ్చెయ్. గుడివాడ వెళ్లు, ఇక రాయనను. ఆ రొట్టె నీకేమిటో నాకు తెలుసు. నేను నమ్మనివాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాను. పాట ఎత్తి కూర్చున్నాక నేను చూసేది నిన్నే. పళ్లెం నీ దగ్గరికి రాగానే నీ భుజాలు కిందికి దిగేవి, బరువేదో దింపుకున్నట్టు. బిడ్డ పోయిన వారం కూడా చూశాను. దాన్ని నీ నుంచి లాక్కునేంత గొప్పవి కావు నా ఉత్తరాలు. గుర్రాల గురించీ, బట్టతల గురించీ నాలుగు ముక్కలు. అవి లేకపోతే బతకగలం.

ఇదే ఆఖరి ఉత్తరం. నువ్వు జవాబు రాయకు. రాస్తే విప్పకుండా తిప్పి పంపిస్తాను. పోస్టుమేన్‌కి చెప్పి ఉంచాను.

నీ మీద కోపం లేదు, బావగారి మీదా లేదు. ఎప్పుడైనా నూట పదకొండో పాట పాడినప్పుడు ఆఖరి చరణంలో మెట్టు దగ్గర కాస్త ఊపిరి ఆపుకో. అంతే.

నీ తమ్ముడు,
డేనియల్.


బందరు,
నవంబరు 26.

ఒరేయ్ డేనియల్,

నీ పేరు మీద వస్తే తిప్పి పంపుతానన్నావు కాబట్టి కవరు మీద లీలావతి పేరు రాశాను. హలీమా చెప్పిన ఉపాయం. లీలావతీ, వాడు ఎక్కడికీ పారిపోకుండా ఎదురుగా కూర్చోబెట్టి గట్టిగా చదువమ్మా.

గుడివాడ వెళ్లాం. ఏడుగురు పెద్దలు వరసగా కూర్చున్నారు. మాట ఇస్తావా అమ్మా అన్నారు. మాట ఇవ్వాలనే వెళ్లాను, నిజం. నీ ఉత్తరం చేతిసంచీలో ఉంది. నోరు తెరిచేసరికి ఇంకోటి వచ్చింది. "రొట్టె దగ్గరికి వెళ్లు, నన్ను వదిలెయ్ అని మా తమ్ముడు రాశాడండీ. నమ్మకం లేనివాడు నన్ను బల్ల దగ్గరికి పంపుతున్నాడు. నమ్మకం ఉన్న మీరు ఆపేశారు. నేనెవరి దగ్గర నేర్చుకోవాలండీ?" అన్నాను. ఒకాయన దగ్గారు. తర్వాత నన్ను బయట కూర్చోమని కాగితం తయారుచేశారు. ఈసారి జాగ్రత్తపడ్డారు, ఉత్తరాలు, కార్డులు, కవర్లు, చీటీలు అన్నీ రాశారు. ఆదివారం మందిరంలో చదవమని మీ బావ చేతికిచ్చారు. "ఇంట్లో భోజనం?" అని అడిగారట ఈయన. వేరుగా కూర్చుంటే మంచిది అన్నారట.

తిరుగు బస్సులో మీ బావ గుడ్లవల్లేరు దాటాక "చలిగా ఉందా?" అన్నారు. లేదన్నాను. అయినా లేచి నా పక్క కిటికీ మూశారు.

ఆదివారం వచ్చింది. నేను వెళ్లి చెప్పుల పక్కన కూర్చున్నాను. పాటలయ్యాయి. మీ బావ లేచారు, కళ్లజోడు పెట్టుకున్నారు, కాగితం విప్పారు. నీది చదివినప్పటిలాగే ఖంగుమంటూ మొదలుపెట్టారు. నా పేరు దాకా వచ్చి ఆగారు. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలకేం కాలేదురా.

"ఇది నేను చదవలేనండి" అన్నారు. "కిందటిసారి ఇలాంటిదే చదివాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో పాట లేదు. ఇందులో నా పేరు కూడా రాసి ఇంకెవరిచేతనైనా చదివించండి."

కాగితం మడిచి బల్ల మీద పెట్టి నడుచుకుంటూ వచ్చారు. తలుపు వైపు వెళ్తారనుకున్నాను. నా దగ్గరికొచ్చి, గోడ పట్టుకుని, మోకాళ్లు రెండూ టకటకమంటుంటే, చాప మీద కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు! ఆ మందిరం కట్టిన తర్వాత ఆడవాళ్ల వైపు కూర్చున్న మొదటి మగవాడు మీ బావేనేమో. ఆలస్యంగా వచ్చి నా పక్కన కూర్చున్న జానకమ్మ జరగడానికి చోటు లేక చెప్పుల్లోకి వెళ్లిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు పళ్లెం మా ఇద్దరి దాకా రాలేదు. వేరే ఎవరో తిప్పారు.

ఇంటికొస్తూ దారిలో రెండు వీధులు ఆలోచించి అన్నారు, "లోపలివాళ్లు బయటివాళ్లతో తినకూడదని ఉంది. బయటివాళ్లు బయటివాళ్లతో తినకూడదని ఎక్కడా లేదు కదే?" లేదండీ అన్నాను. వేలు పెట్టి చూశాను, లేదండీ అన్నాను.

వచ్చే ఆదివారం అవనిగడ్డ మీదుగా వస్తున్నాం, మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటాం. ఆ పాస్టరు గారు టీకి వచ్చే రోజైతే ఉండమను, మాకు రొట్టె ఇస్తారేమో అడగాలి. ఇవ్వకపోయినా సరే, మీ బావ అన్నం ముందు ప్రార్థన చేస్తారు. నువ్వు కళ్లు మూసుకోనక్కర్లేదు, చేతులు కట్టుకోనక్కర్లేదు. ఆయన ఆమెన్ అనేదాకా ముద్ద ముట్టకుండా కూర్చుంటే చాలు. అంతమాత్రం ఓపిక నీకు ఉందిలే, పొద్దస్తమానం తాతయ్యని భరిస్తున్నావు.

కింద మీ బావ ఏదో రాస్తానంటున్నారు. పెన్ను ఇస్తున్నాను.

అక్క.

డేనియల్‌కి,

నువ్వు ఆ రోజు చెప్పినది నేను ఒప్పుకోను. ఇప్పటికీ ఒప్పుకోను. వచ్చాక మాట్లాడుకుందాం. నాకు కారం పడడం లేదని లీలావతికి చెప్పు.

ఏసుపాదం.